ఎల్ అంటే లెఫ్టా, లార్జా?

మా ఇంట్లో ఒక పిస్టల్ ఉంది. కంగారు పడకండి, ఎయిర్ పిస్టల్. పది మీటర్ల దూరంలో ఉన్న కాగితానికి చిల్లు పెట్టడం తప్ప దానికి మరో పని చేతకాదు. 0.177 క్యాలిబర్, 20 జౌల్స్ లోపు శక్తి ఉంటే మన దేశంలో లైసెన్సు కూడా అక్కర్లేదు. అయినా సరే, ఆఫీసులో ఎవరికైనా చెప్తే చాలు, "ఏంటి బాసూ, అప్రైజల్ కోసమా?" అని ఒకటే జోకు. ఇప్పటికి ఎనిమిది మంది వేశారు. ఎనిమిది మందీ ఈ జోకు తమకే మొదట తట్టిందనుకున్నారు.

పిస్టల్ నాది కాదు, మా అమ్మాయిది. దానికి పదమూడేళ్లు. హైదరాబాదులో ఈ ఆట మీద మోజు ఇవాళ్టిది కాదు. 2012 లండన్ ఒలింపిక్స్ లో గగన్ నారంగ్ కి కాంస్యం వచ్చినప్పట్నుంచీ ఉన్నదే. మన ఊరి పిల్ల ఈషా సింగ్ 2018లో పదమూడేళ్లకే ఎయిర్ పిస్టల్ లో జాతీయ ఛాంపియన్ అయ్యాక ఆడపిల్లల తల్లిదండ్రుల్లో ఇంకాస్త పెరిగింది. 2024లో పారిస్ నుంచి మనూ భాకర్ రెండు కాంస్యాలు తెచ్చాక వేసవి క్యాంపుల్లో చోటు దొరకడం రైల్వే తత్కాల్ టికెట్ వ్యవహారం అయిపోయింది. మేమూ ఆ గుంపులో గోవిందయ్యలమే.

అక్కడ తేలిన విషయం ఏమిటంటే, దానికి గురి ఉంది, ఓపిక ఉంది, చెయ్యి మాత్రం ఎడమది.

షూటింగ్ తెలియని వాళ్ల కోసం ఒక్క ముక్క చెప్పాలి. సినిమాల్లో చూసే పిస్టల్ పిడికి రెండు పక్కలా రెండు బిళ్లలుంటాయి, ఏ చేత్తో పట్టుకున్నా పెద్ద తేడా ఉండదు. పోటీ పిస్టల్ పిడి అలా కాదు. ఒక దుంగ చెక్కని అరచేతి ఆకారానికి తొలిచి చేస్తారు. బొటనవేలు పెట్టుకోడానికి ఒక పక్క మెట్టు, అరచేతి గుంటలో నిండేలా ఉబ్బు, కింద చెయ్యి ఆనుకోడానికి పీట. కుడిచేతి వాళ్లకి చేసింది కుడిచేతికే. దాన్ని ఎడమ చేత్తో పట్టుకోవడమంటే ఎడమకాలి చెప్పు కుడికాలికేసుకుని కొండెక్కడమే. క్లబ్బులో ఉన్న పిస్టళ్లన్నీ కుడిచేతివే. మా పిల్ల రెండు నెలలు అలాగే కొండెక్కింది. బొటనవేలి మొదట్లో కాయ కాసింది గానీ ఒక్కమాట అనలేదు.

అప్పుడు కోచ్ గారు నన్ను పక్కకు పిలిచి, "ఇంకా చిన్నపిల్లే కదండీ, కుడిచేతికి మార్చేద్దాం. ఆరు నెలల్లో అలవాటైపోతుంది" అన్నారు. ఆయన చెడ్డ మనిషేం కాదు. ఆయన లెక్క ఆయనకుంది. ఎడమచేతి సరుకు దొరకదు, దొరికినా ఖరీదు, రేపు అమ్ముదామంటే కొనేవాడుండడు. నేను ప్రాజెక్ట్ మేనేజరైతే నేనూ అదే చెప్పేవాణ్ణి. కానీ "అలవాటైపోతుంది" అన్న మాట దగ్గర నాకు ఎక్కడో కలుక్కుమంది.

ఎందుకంటే నేనూ పుట్టుకతో ఎడమచేతి వాటమే. ఇప్పుడు కుడిచేత్తో రాస్తాను. మధ్యలో ఏం జరిగిందో మీలో కొందరికి చెప్పక్కర్లేదు. తెనాలి దగ్గర మా ఊళ్లో పలక మీద ఎడమ చేత్తో అక్షరం దిద్దితే మా తాతయ్య బెత్తంతో కణుపుల మీద కొట్టేవాడు. భోజనం దగ్గర మా నాయనమ్మ నా ఎడమచేతిని లాగుజేబులో పెట్టించి పైనుంచి తన చేత్తో నొక్కి పట్టుకునేది. ప్రేమగానే. ఆర్నెల్లలో అలవాటైపోయింది. నా దస్తూరి మాత్రం ఇప్పటికీ మందుల చీటీలా ఉంటుంది. బంతి విసిరితే ఎడమచెయ్యే లేస్తుంది. ఆఫీసులో నా మౌస్ కీబోర్డుకి ఎడమ పక్కనుంటుంది, బటన్లు తిప్పేసి ఉంటాయి. ఏదైనా బగ్ చూడ్డానికి నా సీట్లో కూర్చున్నవాడు ముందు నన్ను తిట్టుకుని తర్వాత బగ్ చూస్తాడు.

ఇంటికొచ్చి మా ఆవిడతో చెప్తే, "ముందు కన్ను చూశారా?" అంది. నిజమే, ఈ ఆటలో చెయ్యొక్కటే కాదు, ఏ కన్ను పెత్తనం చేస్తుందో కూడా చూసుకోవాలి. రెండు చేతులూ చాచి, వేళ్ల మధ్య చిన్న సందు చేసి, అందులోంచి గోడ గడియారం చూడాలి. ఒక్కో కన్నూ మూసి చూస్తే, ఏ కంటికి గడియారం కనపడుతూనే ఉంటుందో ఆ కన్నే యజమాని. మా పిల్లకి ఎడమ కన్నే. చెయ్యి మారిస్తే గురి చూసే కన్ను ఒక పక్క, పిస్టల్ ఒక పక్క అవుతుంది. అలా కొట్టేవాళ్లు లేకపోలేదు, మెడ వంచుకునో, కంటికి మూత పెట్టుకునో కొడతారు. కానీ చక్కగా ఒకే పక్కనున్న పిల్లకి ఆ ఖర్మ ఎందుకు?

ఈలోగా మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒకాయన కరోలీ టకాచ్ కథ పంపాడు. మీకూ వచ్చే ఉంటుంది. 1938లో సైన్యంలో గ్రెనేడ్ పేలి కుడిచెయ్యి దెబ్బతిన్న హంగరీ షూటర్, ఎడమ చేత్తో నేర్చుకుని 1948లో లండన్లో, 1952లో హెల్సింకీలో బంగారు పతకాలు కొట్టాడు. గొప్ప మనిషి, సందేహం లేదు. "చూశారా, చెయ్యి మార్చుకోవచ్చు" అని మావాడి భాష్యం. అయ్యా, ఆయన చేతిలో గ్రెనేడ్ పేలింది. మా పిల్ల చేతులు రెండూ భేషుగ్గా ఉన్నాయి. ఈ కథ నాకు ఇరవై ఏళ్లలో కనీసం ఇరవై సార్లు వచ్చుంటుంది, ఆయనకి ఎడమచేతి పిడి ఎవరు చేసిచ్చారో ఒక్క ఫార్వర్డ్ లోనూ ఉండదు.

సరే, పిస్టల్ సంగతికొద్దాం. కొత్తది కొందామంటే మంచి కంపెనీది లక్షన్నర పైమాటే. పైగా ఇప్పటివన్నీ కంప్రెస్డ్ ఎయిర్ వి. దాని సిలిండర్ కి పదేళ్ల గడువు, ఆ తర్వాత మార్చాలి. సపోర్ట్ కాంట్రాక్టు లాంటిదే. ఆ సమయంలో రేంజ్ లో ఒక పెద్దాయన తన పాత ఫైన్‌వెర్క్‌బౌ 65 అమ్ముతున్నారని తెలిసింది. జర్మనీలో ఓబెర్న్‌డోర్ఫ్ అనే ఊళ్లో తయారైంది. 1960ల మధ్యలో మొదలుపెట్టి మూడు దశాబ్దాలకు పైగా చేశారు, తర్వాత ఆపేశారు. పక్కనున్న లివర్ లాగితే స్ప్రింగ్ బిగుసుకుంటుంది. సిలిండరూ లేదు, గాలి నింపుకోవడమూ లేదు. పేలినప్పుడు బ్యారెల్ తో సహా పై భాగమంతా పట్టాల మీద వెనక్కి జారి ఆ కుదుపుని తనే మింగేస్తుంది, చేతికి తెలీదు. ఇంత పాత యంత్రం ఇంత నిశ్శబ్దంగా పనిచేస్తుంటే చూడముచ్చటేసింది. ధర కొత్తదాంట్లో పావు వంతు కూడా కాదు. ఇనుముకి కుడి ఎడమల పట్టింపు పెద్దగా లేదు. లివర్ కుడిచేతి వాళ్ల వసతి చూసి పెట్టిందే గానీ, సర్దుకోవచ్చు. అడ్డమొచ్చింది ఒక్క చెక్కే. ఎడమచేతి పిడి తెప్పించి బిగిస్తే సరిపోతుంది కదా అనుకుని కొనేశాను.

"బిగిస్తే సరిపోతుంది కదా" అని ఎస్టిమేట్ ఇచ్చినవాళ్లు ఏమైపోతారో మనకి తెలియనిదా!

మోరీని, రింక్, నిల్ లాంటి పేర్లు అప్పుడే నేర్చుకున్నాను. పోటీ పిస్టళ్లకి పిడులు చేసే యూరప్ వాళ్లు. కొత్తది చేయించుకోవాలంటే ఖర్చు, కొరియరు, కస్టమ్స్ కలుపుకుని పిస్టల్ కంటే పిడే బరువయ్యేలా ఉంది. అందుకని వాడిన సరుకు వెతికాను. రాత్రి పదకొండింటికి అమెరికా కాల్ అయ్యాక మొదలుపెడితే ఒంటిగంట. నెలన్నర వెతగ్గా వెతగ్గా ఒక విదేశీ అమ్మకందారు దగ్గర దొరికింది. వివరాల్లో మోడల్ పేరు, పక్కన ఒకే ఒక్క అక్షరం: ఎల్. ఫోటో ఒకటే, అదీ పైనుంచి తీసింది. ఎల్ అంటే లెఫ్ట్. జర్మన్ లో కూడా ఎడమని లింక్స్ అంటారు, అదీ ఎల్లే. రెండు భాషలూ ఒప్పుకున్నాక ఇంకేం కావాలి! డబ్బు కట్టేశాను.

పార్సిల్ మీద పిస్టల్ అన్న మాట చూసి మధ్యలో ఆపారు. ఇది చెక్కముక్కేనని రాసిచ్చి, బిల్లు చూపించి, సుంకం కట్టి తెచ్చుకునేసరికి మూడు వారాలు. మా పిల్ల బడి నుంచొచ్చి బ్యాగు కూడా దింపకుండా డబ్బా కోసింది. తీసి చేత్తో పట్టుకుంది. ఒక నిమిషం ఏం మాట్లాడలేదు. తర్వాత మెల్లిగా దాన్ని కుడిచేతిలోకి మార్చుకుని, "నాన్నా, ఎల్ అంటే లార్జ్" అంది.

ఆరడుగుల జర్మన్ ఆసామి కుడిచేతికి చేసిన పిడి అది. ఇరవై రెండేళ్లుగా కోడ్ రివ్యూల్లో "ఒంటి అక్షరం వేరియబుల్ పేర్లు పెట్టకండిరా నాయనా" అని మొత్తుకునే నేను, ఒక ఒంటి అక్షరాన్ని నమ్మి పదిహేడు వేలు సమర్పించుకున్నాను. అమ్మినవాడు వెనక్కి తీసుకోనన్నాడు. తప్పు తనది కాదన్నాడు. ఆలోచిస్తే కాదు కూడా.

తర్వాత నా బుర్రకి పదును పెట్టి, ఉన్న కుడిచేతి పిడిని స్కాన్ చేయించి, సాఫ్ట్‌వేర్ లో అద్దంలో తిప్పినట్టు తిప్పి, త్రీడీ ప్రింట్ చేయిస్తే పోలా అనుకున్నాను. ఒక్క క్లిక్కు పని. ప్రింటూ వచ్చింది, బొమ్మలా ఉంది, పిస్టల్ మాత్రం అందులో దూరలేదు. బయటి ఆకారంతో పాటు లోపలి గాడి కూడా తిరగబడింది, ఇనప కాడ తిరగబడదు కదా! లోపలిది అలాగే ఉంచి బయటిది మాత్రం తిప్పి మళ్లీ చేయించాను. ఈసారి దూరింది. కానీ చెమటకి ప్లాస్టిక్ జారిపోతోంది. అన్నిటికంటే ముఖ్యంగా, అది ఎవరో పెద్దమనిషి కుడిచేతికి ప్రతిబింబం, మా పిల్ల ఎడమచెయ్యి కాదు. ఈ మాట నాకు అప్పుడు తట్టలేదు, వడ్రంగి చెప్పాక తెలిసింది.

బోడుప్పల్ లో మా వంటింటి అరలు, పూజా మందిరం చేసిన వడ్రంగి అన్న ఉన్నాడు. నల్గొండ వైపు మనిషి. మా ఆవిడే ఆయన పేరు గుర్తు చేసింది. శనివారం పిస్టల్, జర్మన్ పిడి, ప్లాస్టిక్ పిడి, కొలతలన్నీ రాసిన ఎక్సెల్ షీటు ప్రింటవుటు పట్టుకుని వెళ్లాను. ఆయన పిస్టల్ వైపు చూసి రెండడుగులు వెనక్కేశాడు.

"ఏంది సార్ గిది, తుపాకా? నాకెందుకు సార్ గీ లొల్లి?"

ఆట సామాను అన్నా, పిల్లలు ఆడేది అని నచ్చజెప్పి, కాగితం చేతికిచ్చాను. దాన్ని ఒకసారి చూసి మడిచి టీ గ్లాసు కింద పెట్టాడు.

"పాప ఏది?"

"ఇంట్లో ఉంది. కొలతలు తెచ్చాగా అన్నా."

"చెయ్యి లేకుంట పిడి ఎట్ల జేస్త సార్? గొడ్డలి పిడైనా పట్టెటోడు రావాలె."

మర్నాడు తీసుకెళ్లాను. దాని చెయ్యి అటూ ఇటూ తిప్పి చూశాడు. బొటనవేలి దగ్గరి కాయని చూసి, "ఎన్నొద్దులాయె బిడ్డా గిట్ల?" అనడిగాడు. కుడిచేతికి మార్చుకోమంటున్నారని చెప్పింది. ఆయనకి అర్థం కాలేదు. "ఎందుకు మార్చుకునుడు? మా ఊళ్లె ఎడమచేతోళ్లకు కొడవలి అలగ్ గొడ్తరు. పండ్లు ఆ పక్కకు దీస్తరు. కమ్మరాయన ముందుగాల అడుగుతడు, నీది ఏ చెయ్యని. చెయ్యి మార్చుకొని రా అనడు" అన్నాడు. నేను పిస్టల్ స్క్రూ విప్పే పనిలో తల వంచుకుని ఉండిపోయాను. అప్పుడు తలెత్తే ఉద్దేశం నాకు లేదు.

టేకు తీసుకుంటాడనుకున్నాను. "టేకు చెక్కుడు అల్కనే, కానీ సన్నగున్న కాడ చీలుతది" అని ఒక పాత మంచం కోడు తీశాడు. తుమ్మ. ఎండి ఎండి రాయిలా ఉంది, ఇంక వంకర పోదట. ముందు లోపలి గాడి జర్మన్ పిడి చూసి దించాడు. అది తిప్పలేదు, నేను చెప్పకముందే. బయటి ఆకారానికి బంకమట్టి ముద్ద చేసి పిల్లని పట్టుకోమన్నాడు. తర్వాత నాలుగు ఆదివారాలు పట్టింది. ఒక్కో ఆదివారం దాని అరచేతికి జాజు నూనెలో కలిపి రాయడం, అది పిడి పట్టుకోవడం, చెక్క మీద ఎర్రగా అంటుకున్న చోట రవ్వంత గీకడం. ఖాళీ ఉన్నచోట ఎం-సీల్ మెత్తి మళ్లీ పట్టుకోమనడం. చూపుడువేలు మాత్రం ఎక్కడా చెక్కకి తగలకూడదు, తగిలితే ట్రిగ్గర్ నొక్కినప్పుడు పిస్టల్ మొత్తం కదులుతుంది. అది కోచ్ గారు చెప్పారు. ఏమాటకామాట, ఒకసారి పని మొదలైందని తెలిశాక ఆయనే స్వయంగా ఒక ఆదివారం బోడుప్పల్ వచ్చారు. కళ్లు మూసుకుని చెయ్యెత్తి, కళ్లు తెరిచేసరికి ముందు గురి వెనకగాడి మధ్యలో ఉండాలన్నారు. పక్కకి పోతే చెయ్యి సర్దుకోవద్దు, చెక్క సర్దాలి. మూడో ఆదివారం మధ్యాహ్నం అది కళ్లు తెరిచి, చెయ్యి దింపకుండానే, "ఉంది" అంది.

డబ్బులెంతన్నా అంటే, "దీని రేటు నాకు తెల్వదు సార్, ఎన్నడు జెయ్యలే" అన్నాడు. రెండున్నర వేలు తీసుకున్నాడు, అదీ బలవంతాన.

మొదటి పోటీ రోజు పరికరాల తనిఖీ ఉంటుంది. 420 బై 200 బై 50 మిల్లీమీటర్ల డబ్బాలో పిస్టల్ పట్టాలి, బరువు కిలోన్నర దాటకూడదు, ట్రిగ్గర్ 500 గ్రాములు ఆపాలి. అన్నీ అయ్యాయి. చివర్లో ఆవిడెవరో పిడి కింద పీటని వేలితో తడిమి, "ఇది పైకి వంగింది, కుదరదు" అన్నారు. అరచేతి పీట చేతిని పైకి చుట్టుకోకూడదని రూలు. నిజమే, ఎం-సీల్ మెత్తినప్పుడు అంచు రవ్వంత లేచింది. టైము ఇరవై ఐదు నిమిషాలుంది. మా ఆవిడ హ్యాండ్‌బ్యాగులో గోళ్లు రాసుకునే ఆకురాయి ఉంది. పార్కింగ్ లో స్కూటర్ సీటు మీద పిడి పెట్టి, నేను అరుగుతాననుకోని వేగంతో అరగదీశాను. ఏ చేత్తో అని మీరు అడగొచ్చు. అప్పుడు గమనించలేదు. మా పిల్ల చూసి చెప్పింది, ఎడమ చేత్తోనని.

రెండోసారి పాసయ్యాం. అరవై షాట్లు కొట్టింది. 11.5 మిల్లీమీటర్ల పదో వలయంలో కొన్ని పడ్డాయి, చాలా పడలేదు. పతకం సంగతి ఎత్తకండి. కానీ వెనక కుర్చీల్లోంచి ఒక తమాషా చూశాను. వరసగా అందరూ కుడిచేతి వాళ్లు, అందరూ ఒకే వైపు తిరిగి నిలబడ్డారు. ఇదొక్కతే అటు తిరిగింది. దాంతో పక్క లేన్ లో ఉన్న పిల్లా, ఇదీ ఎదురూ బొదురూ అయ్యారు. షాటు షాటుకీ మధ్య ఇద్దరూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుని నవ్వాపుకోవడంతోటే సగం టైము గడిచింది.

మొన్న దాని చెయ్యి కొలిచాను. వడ్రంగి అన్న పని మొదలుపెట్టిన నాటికంటే నాలుగు మిల్లీమీటర్లు పెరిగింది. ఫోన్ చేస్తే, "తీసుకరాండ్రి సార్, కోడు ముక్క ఇంకొకటుంది" అన్నాడు. జర్మన్ ఆసామి పిడి మాత్రం బీరువాలో అలాగే ఉంది. ఎవరికైనా కావాలంటే చెప్పండి. కుడిచేతిది, లార్జ్.